ఎమ్మెస్‌కు డబ్బు ఎవరిస్తారు?

1895లో పదహారేళ్ల సరోజినీ చటోపాధ్యాయ (తర్వాతి సరోజినీ నాయుడు) హైదరాబాద్ నుంచి ఇంగ్లండుకు చదువుకోడానికి వెళ్లింది నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో. 1902లో కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చేరింది అప్పటి భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో. నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్లు ఇస్తానని బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ముందుకొస్తే 1913లో అంబేడ్కర్ కొలంబియాకు వెళ్లగలిగారు. 1920ల్లో యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరేనాటికి ఆయన వెనక ఉన్నవి రెండు: కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఇచ్చిన భరోసా, మామగారు సమకూర్చిన సొమ్ము.

రాజు, సర్కారు, ధర్మనిధి, మామగారు. నూరేళ్లు దాటినా ఈ నాలుగు పద్దులూ పెద్దగా మారలేదు. నాలుగోది మన జిల్లాల్లో ఇప్పటికీ బ్రహ్మాండంగా నడుస్తోంది, కాకపోతే దాన్ని స్కాలర్‌షిప్ అనడానికి ఎవరికీ నోరు రాదు. మిగిలిన మూడూ ఇప్పుడు ఏ రూపంలో ఉన్నాయి, మన పిల్లలకు ఎందుకు అందడం లేదు అన్నదే ఇక్కడ చూడాల్సింది.

స్కాలర్‌షిప్ వెతికే కుర్రవాడు మొదట చూసుకునేది తన అర్హత: పర్సంటేజీ ఎంత, బ్యాక్‌లాగులు ఎన్ని, జీఆర్‌ఈ స్కోరు ఎంత అని. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇచ్చేవాడికి ఏం కావాలి? ఊరికే ఇచ్చేవాళ్లు ఈ రంగంలో అరుదు. ప్రొఫెసర్‌కు ల్యాబులో పనిచేసే చేతులు కావాలి. విదేశాంగ శాఖకు రేపు ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో కీలక స్థానంలో కూర్చోబోయే స్నేహితుడు కావాలి. వందల ఏళ్ల పాత యూనివర్సిటీకి అన్ని దేశాల, అన్ని తరగతుల పిల్లలూ తరగతి గదిలో కనబడాలి. ఇలా చూసుకుంటూ పోతే ఒక ఇబ్బందికరమైన నిజం బయటపడుతుంది. బీటెక్ అయిన మర్నాడే కంప్యూటర్ సైన్సులోనో డేటా సైన్సులోనో ఎమ్మెస్ చేయడానికి అమెరికా బయలుదేరే విద్యార్థి వీళ్లలో ఎవరికీ అక్కర్లేదు. యూనివర్సిటీకి అతని నుంచి కావాల్సింది ఫీజు. మన తెలుగు పిల్లలు ఎక్కువమంది సరిగ్గా ఆ మెట్టు మీదే నిలబడి స్కాలర్‌షిప్ కోసం చూస్తున్నారు.

2024-25 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది అని ఓపెన్ డోర్స్ నివేదిక చెబుతోంది. అందులో మాస్టర్స్ స్థాయివాళ్లదే పెద్ద వాటా. అన్ని దేశాల విద్యార్థులనూ కలిపి చూసినా, సగానికి పైగా మందికి చదువు ఖర్చు వచ్చేది సొంత జేబు నుంచి, ఇంటి నుంచి అని అదే నివేదిక ఏటా చెప్పే మాట. అమెరికాలో కోర్సువర్క్ మాస్టర్స్ అనేది చాలా విభాగాలకు ఆదాయ మార్గం. ఆ ఫీజుల మీదే మిగతా ఖర్చులు నడుస్తాయి. ఆదాయ మార్గానికి ఎదురు డబ్బు ఇమ్మంటే ఎవరిస్తారు?

ఆ మెట్టుకు కింద డబ్బుంది, పైనా ఉంది. కింద అంటే డిగ్రీ స్థాయి. దరఖాస్తు చూసేటప్పుడు కుటుంబం ఫీజు కట్టగలదా లేదా అన్నది లెక్కలోకి తీసుకోం, చేర్చుకున్నాక ఎంత తక్కువపడితే అంతా మేమే భరిస్తాం అనే కాలేజీలు అమెరికాలో కొన్ని ఉన్నాయి. ఈ నియమాన్ని విదేశీ విద్యార్థులకూ వర్తింపజేసేవి మరీ కొద్ది: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, లాంటివి. 2022లో డార్ట్‌మత్, బోడిన్ కూడా ఈ జాబితాలో చేరాయి. మిగతా చోట్ల సాయం అడిగారంటే ఆ అడగడమే దరఖాస్తుకు బరువవుతుంది. ముందు అడగకుండా చేరి తర్వాత అడుగుదాంలే అనుకుంటే చాలా కాలేజీలు ఒప్పుకోవు. ఈ దారిలో మన ఇంటర్ పిల్లలు కనబడకపోవడం తెలివి తక్కువై కాదు. నాలుగు గోడల మధ్య రెండేళ్లు ఐఐటీ మెటీరియల్ తప్ప మరొకటి చూడనివ్వని చదువులో, నీ గురించి నువ్వు ఆరొందల పదాల్లో రాయి అనే దరఖాస్తుకు జవాబు తయారు కాదు. పైగా సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే పత్రంలో తల్లిదండ్రుల జీతం, ఇల్లు, అప్పులు, పొదుపు అన్నీ విప్పి చెప్పాలి. ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ అనేదే దాఖలు చేయని వ్యవసాయ కుటుంబానికి అది ఒక పరీక్ష. తహసీల్దార్ సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంటు, పంట అమ్మిన రశీదులు పెట్టి, సంగతి వివరిస్తూ ఒక ఉత్తరం జతచేస్తే కాలేజీలు చదువుతాయి. ఆ పని చేసిపెట్టే మనిషి మన కాలేజీల్లో ఉండడు, అదీ అసలు లోటు.

పైన ఉన్నది పీహెచ్‌డీ. ఇంజనీరింగు, సైన్సుల్లో అమెరికా పీహెచ్‌డీ అంటే మామూలుగా ట్యూషన్ మాఫీ, నెలనెలా స్టైపెండు, ఆరోగ్య బీమా. దీన్ని ఎవరూ స్కాలర్‌షిప్ జాబితాల్లో ప్రకటించరు, అడ్మిషన్‌తోపాటే వస్తుంది. పీహెచ్‌డీకి ముందు మాస్టర్స్ తప్పనిసరి అని మనవాళ్లలో బలంగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. అమెరికాలో చాలా విభాగాలు నాలుగేళ్ల బీటెక్ తర్వాత నేరుగా తీసుకుంటాయి. కావాల్సింది పరిశోధన చేసిన ఆనవాలు: నిజంగా పనిచేసిన ప్రాజెక్టు, వేసవిలో ఏ ఐఐటీలోనో ట్రిపుల్‌ఐటీలోనో చేసిన ఇంటర్న్‌షిప్, ఆ పని దగ్గరుండి చూసిన గురువు రాసిన సిఫార్సు లేఖ. అయితే ఐదారేళ్లు ఒక ప్రశ్న వెంట పడి ఉండాలన్న ఇష్టం లేకుండా ఫీజు మిగులుతుందని మాత్రమే చేరడం తనకూ మంచిది కాదు, ప్రొఫెసర్‌కూ కాదు. ఇప్పుడు ఆ తలుపు కూడా కొంత మూసుకుంది. 2025లో ఫెడరల్ పరిశోధనా నిధులకు కోత పడటంతో అనేక యూనివర్సిటీలు పీహెచ్‌డీ ప్రవేశాలు తగ్గించుకున్నాయి.

సరే, ఎమ్మెస్సే చేస్తాను, అమెరికాలోనే చేస్తాను అనేవాళ్లకు ఏమీ లేదా? ఉంది, చిన్న మొత్తాల్లో, అక్కడక్కడా. టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్పులు (టీఏ, ఆర్‌ఏ) దొరికితే అదృష్టమే. అవి ఎక్కువగా పీహెచ్‌డీవాళ్లకు సర్దాక మిగిలినవి. క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల లోపు ఉద్యోగం చేసుకోవచ్చు, దానితో తిండి గడుస్తుంది, ఫీజు తీరదు. బాగా ఉపయోగపడే ఏర్పాటు ఒకటి టెక్సస్‌లో ఉంది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో పోటీలో నెగ్గి ఏడాదికి కనీసం వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ తెచ్చుకున్న విద్యార్థికి, బయటివాడైనా సరే, ఆ రాష్ట్రం పిల్లలకు వేసే ఫీజే వేయవచ్చునని రాష్ట్ర చట్టం చెబుతుంది. వెయ్యి డాలర్లు చూడటానికి చిన్నవే, ఫీజులో తగ్గే తేడా మాత్రం దానికి ఎన్నో రెట్లు. ఇలా ఎంతమందికి ఇవ్వొచ్చన్నదానికి పరిమితి ఉంది కాబట్టి అందరికీ రాదు. డల్లాస్, ఆర్లింగ్టన్ వైపు సీనియర్లున్న ఇళ్లలో ఈ సంగతి తెలుసు. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో మొదటిసారి బయలుదేరే ఇంటికి ఎవరు చెప్పాలి?

ఇక పెద్ద పేర్లు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు కనీసం మూడేళ్ల ఉద్యోగానుభవం కావాలి. ప్రజారోగ్యం, పట్టణ ప్రణాళిక, పర్యావరణం, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ లాంటివి దాని రంగాలు, కంప్యూటర్ సైన్సు అందులో లేదు. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలి. బ్రిటన్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న చీవెనింగ్‌కు 2,800 గంటల ఉద్యోగానుభవం చూపించాలి, ఏడాది మాస్టర్స్ ముగిశాక సొంత దేశానికి తిరిగొచ్చి రెండేళ్లు ఉండాలి. రోడ్స్ ఏడాదికి ఇండియా మొత్తానికి ఇచ్చేవి ఐదు. వీటికి మన దగ్గర దరఖాస్తులు తక్కువ రావడానికి తెలియకపోవడం ఒక్కటే కారణం అనుకోను. తిరిగి రావాలి అన్న షరతు దగ్గరే మన లెక్క ఆగిపోతుంది. చదువు, ఓపీటీ, హెచ్1బీ, ఇల్లు అనే వరసలో చదువు మొదటి మెట్టు మాత్రమే అయినప్పుడు, తిరిగొచ్చేవాడికి ఇచ్చే డబ్బు మనకు ఉచితంగా కనబడదు. ఆ వరస తప్పని నేననను. ఆ వరసలో నడవాలనుకునేవాడు ఈ పెద్ద పేర్ల వెంట ఏడాది ఖర్చు చేసుకోవడం దండగ. పంచాయతీరాజ్‌లోనో ఏదైనా స్వచ్ఛంద సంస్థలోనో పత్రికలోనో నాలుగేళ్లు పనిచేసినవాళ్లు మాత్రం తమకు ఇవి అందవు అనుకుని దరఖాస్తే పెట్టరు. నిజానికి ఇచ్చేవాళ్లు వెతికేది వాళ్లనే.

దేశం మార్చుకుంటే లెక్క మారుతుంది. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు ట్యూషన్ ఫీజు తీసుకోవు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటివాళ్లకు సెమిస్టరుకు 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో 2024 నుంచి అంతకంటే ఎక్కువ. అయినా వీసాకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంటులో చూపించాలి, అంటే సుమారు పన్నెండు లక్షల రూపాయలు. ఫీజు లేదు కదా అని బయలుదేరిన కుటుంబం ఇక్కడ తడబడుతుంది. ఆ డబ్బు నెలనెలా విద్యార్థి ఖర్చుకే తిరిగొస్తుంది, కానీ ముందు ఒక్కచోట కూడాలి. జర్మన్ విద్యా వినిమయ సంస్థ డాడ్ ఇచ్చే మాస్టర్స్ స్కాలర్‌షిప్పులు ఎక్కువగా ఉద్యోగానుభవం ఉన్నవాళ్లకు, అభివృద్ధి సంబంధమైన కోర్సులకు. ఐరోపా సమాఖ్య నడిపే ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి మాస్టర్స్ మన బీటెక్ పిల్లలకు ఇంతకంటే దగ్గర. రెండు మూడు దేశాల్లో చదువు, ఫీజు లేదు, నెలకు 1,400 యూరోలు, ఉద్యోగానుభవం సాధారణంగా అడగరు. దరఖాస్తులు అక్టోబరు నుంచి జనవరి మధ్య. కోర్సుల పేర్లు చిత్రంగా ఉంటాయి, అమీర్‌పేట బోర్డుల మీద కనబడవు.

జపాన్ సంగతి వేరు. అక్కడి ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఫీజూ, నెలవారీ భత్యమూ, విమాన ఖర్చూ భరిస్తుంది, ఎంబసీ ద్వారా ఎంపిక జరుగుతుంది. కంది క్యాంపస్‌లో ఉన్న ఐఐటీ హైదరాబాద్ జపాన్ సాయంతో పెరిగిన సంస్థ. అక్కడివాళ్లకు జపాన్‌లో పైచదువుకు ఆ దేశపు సహకార సంస్థ జైకా ప్రత్యేకంగా స్కాలర్‌షిప్పులు ఇస్తూ వచ్చింది. పక్కనే ఉన్న సంగారెడ్డి ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు ఆ దారి లేదు, ఎంబసీ దారి మాత్రం అందరికీ ఉంది.

ఇటలీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పేద కుటుంబానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది అదే. సమర్థులు, యోగ్యులు అయినవాళ్లకు స్తోమత లేకపోయినా అత్యున్నత చదువు దాకా వెళ్లే హక్కుంది అని ఇటలీ రాజ్యాంగం 34వ అధికరణం చెబుతుంది. దాని మీద ఆధారపడి అక్కడి ప్రాంతీయ ప్రభుత్వాలు విద్యార్థి వేతనాలిస్తాయి, విదేశీయులకూ ఇస్తాయి. మొదటి ఏడాది చూసేది మార్కులకంటే కుటుంబ ఆదాయం, ఆస్తి. వస్తే ఫీజు మాఫీ, కొంత నగదు, చాలాచోట్ల హాస్టల్ గదిలో, భోజనశాలలో వాటా. ఇక్కడ తల్లిదండ్రుల ఆదాయం, ఇల్లు, బ్యాంకు నిల్వలకు కాగితాలు పుట్టించి, వాటికి విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించి, ఇటాలియన్‌లోకి అనువదింపజేసి, అక్కడి సేవాకేంద్రం చేత ఆదాయపు లెక్క కట్టించాలి. వేసవిలోనే గడువు పడిపోతుంది, అడ్మిషన్ వచ్చాక చూద్దాం అంటే కుదరదు. ఇంకో చిక్కు: కొన్ని ప్రాంతాల్లో అర్హుల జాబితాలో పేరుంటుంది, నిధులు లేక డబ్బు మాత్రం రాదు. మొదటి ఏడాది నిర్ణీత సంఖ్యలో క్రెడిట్లు తెచ్చుకోకపోతే తీసుకున్నది తిరిగి కట్టమంటారు. డబ్బు వాయిదాల మీద వస్తుంది కాబట్టి మొదటి కొన్ని నెలలకు చేతిలో సొమ్ము ఉండాలి. ఇవన్నీ తెలిసి వెళ్లినవాడికి ఇది గొప్ప అవకాశం. తెలియక వెళ్లినవాడు పరాయి ఊళ్లో అప్పులపాలవుతాడు.

ఇన్ని దారులుంటే కన్సల్టెన్సీలు ఎందుకు చెప్పవు? బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోని యూనివర్సిటీలు చాలా, చేర్పించిన ప్రతి విద్యార్థికీ మొదటి ఏడాది ఫీజులో కొంత శాతం ఏజెంటుకు ఇస్తాయి. ఫీజే లేని జర్మన్ ప్రభుత్వ యూనివర్సిటీ ఏమిస్తుంది? అందుకే మీ దగ్గర పైసా తీసుకోం అనే కౌంటరు ముందు కూర్చున్నప్పుడు, ఖర్చు ఎవరు పెడుతున్నారో గుర్తుంచుకోవాలి. అదే కౌంటరులో మూడువేల పౌన్ల స్కాలర్‌షిప్ వచ్చింది అని శుభవార్త చెబుతారు. దరఖాస్తు చేసిన ఇండియన్లందరికీ వచ్చే ఆ తగ్గింపు ఆషాఢంలో చీరల షాపు పెట్టే డిస్కౌంటు లాంటిది, అసలు ధర ఎంత అన్నదే చూసుకోవాలి. కన్సల్టెన్సీలో అందరూ మోసగాళ్లని కాదు. వీసా కాగితాలు సర్దడంలో అనుభవమున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల పని అది. డబ్బు వెతకడం వాళ్ల పని కాదు. స్కాలర్‌షిప్‌కు ముందే ప్రాసెసింగ్ ఫీజు కట్టమన్నా, ఫీజు అనుమానం వచ్చేంత చవకగా ఉన్నా ఆగి విచారించాలి. 2011లో ట్రై వ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ అనే బూటకపు యూనివర్సిటీల వ్యవహారాల్లో చిక్కుకున్నవాళ్లలో ఎంతమంది మన పిల్లలో ఎవరూ మరచిపోలేదు.

దరఖాస్తులో మన బలహీనత ఒకటే చోట బయటపడుతుంది: సిఫార్సు లేఖలో. నువ్వే రాసుకురా, సంతకం పెడతా అనే సార్లున్న కాలేజీ మనది. ముగ్గురు సార్ల లేఖలూ ఒకే చేత్తో రాసినట్టు ఉంటే చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. ఎమ్మెస్ అడ్మిషన్‌కు అది చెల్లుతుంది, డబ్బిచ్చే కమిటీ దగ్గర చెల్లదు. మూడో ఏడాదిలోనే ఒక్క సార్ దగ్గరైనా నిజమైన పని చేసి, ఆ పని ఏమిటో ఆయనకు గుర్తుండేలా చూసుకోవడం స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఎస్‌ఓపీ) రాయించడానికి పెట్టే ఖర్చుకంటే మేలు.

ధర్మనిధుల్లో జంషెడ్జీ టాటా 1892లో పెట్టిన ఎండోమెంటు ఇంకా నడుస్తోంది. కె.ఆర్. నారాయణన్ లండన్ వెళ్లింది దానితోనే. అది అప్పు రూపంలో ఇచ్చే స్కాలర్‌షిప్, కె.సి. మహీంద్రా ట్రస్టుదీ అంతే. ఉదారంగా అనిపించకపోవచ్చు గానీ, ఏడున్నర లక్షలు దాటితే తనఖా అడిగే బ్యాంకు రుణంతో పోలిస్తే ఎంతో నయం. ఇల్లు తాకట్టు పెట్టడానికి లేని కుటుంబాలు ముందు ఇక్కడ అడగాలి.

చివరికి సర్కారు. కేంద్రంలో సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 125 మందిని పంపాలి, అందులో 115 ఎస్సీలకు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు, వయసు 35 లోపు ఉండాలి. ఫీజు మొత్తం, జీవన భత్యం, విమాన ఛార్జీ ఇస్తారు. ఎస్టీలకు గిరిజన శాఖ విడిగా ఇచ్చేవి ఇరవై. దేశం మొత్తానికి ఈ సంఖ్యలు. 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజంపై అధ్యయనాలను జాబితాలోంచి తీసేశారు. కులం గురించి విదేశాల్లో పరిశోధన చేయాలనుకునే దళిత విద్యార్థికి ఇది తలుపు మూయడమే. 2025లో 106 మంది ఎంపికైతే, నిధుల అనుమతి లేదంటూ మొదట 40 మందికే ఉత్తరాలిచ్చారు.

రాష్ట్రాల పథకాలు సంఖ్యలో దీనికంటే చాలా పెద్దవి, ఆ మాట ఒప్పుకోవాలి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరిట, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరిట, పేద బ్రాహ్మణులకు వివేకానంద పేరిట ఓవర్సీస్ పథకాలున్నాయి, ఇరవై లక్షల దాకా గ్రాంటు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఎన్టీఆర్ విదేశీ విద్యాదరణ, 2022లో జగనన్న విదేశీ విద్యా దీవెన. మొదటిది తక్కువ మొత్తాన్ని ఎక్కువమందికి పంచాలని చూసింది. రెండోది ప్రపంచ ర్యాంకుల్లో పైనున్న యూనివర్సిటీల్లో సీటొస్తేనే కోటి దాటే ఫీజైనా కడతానంది. రెండింటిలో ఏది మేలన్నది వాదించుకోదగిన విషయమే. కానీ ప్రభుత్వం మారినప్పుడల్లా పేరూ నియమాలూ మారిపోతే, ఇవాళ ఇంటర్ చదివే పిల్ల ఏ పథకాన్ని నమ్ముకుని నాలుగేళ్ల తర్వాతి చదువుకు సిద్ధం కావాలి?

తెలంగాణ పథకంలో లోపం మొత్తం కంటే వరసలో ఉంది. పది లక్షల మొదటి వాయిదా విద్యార్థి అక్కడ దిగి, ల్యాండింగ్ పర్మిట్ చూపించాక. రెండోది మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చాక. వీసాకు నిధులు చూపించాల్సింది, మొదటి ఫీజు కట్టాల్సింది మాత్రం ఇల్లు కదలకముందే. ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి ఉద్దేశించిన పథకం అందుకోవాలంటే ముందు పదిహేను ఇరవై లక్షలు ఎక్కడో అప్పు తేవాలి, దానికి వడ్డీ కట్టుకుంటూ ట్రెజరీ బిల్లు ఎప్పుడు పాసవుతుందా అని చూడాలి. దీన్ని సరిదిద్దడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఎంపికైన రోజే యూనివర్సిటీకీ, కాన్సులేటుకూ చూపించుకోగల హామీపత్రం ప్రభుత్వం పేరిట ఇవ్వాలి, మొదటి వాయిదాను విద్యార్థి ఖాతాకు బదులు నేరుగా యూనివర్సిటీ ఫీజు ఖాతాకు, సెమిస్టరు మొదలుకాకముందే పంపాలి. వెళ్లకుండా ఆగిపోయినవాళ్ల డబ్బు ఆ ఖాతా నుంచే వెనక్కి రప్పించుకోవచ్చు. ఎంపిక జాబితా జనవరి కోర్సులకు సెప్టెంబరులో, ఆగస్టు కోర్సులకు ఏప్రిల్‌లో వస్తే చాలు.